మూడు హెచ్‌పీ అడిగిన చోట ఒక హెచ్‌పీ: అనంతపురంలో ఒక ఇంటి బోరు కేస్ స్టడీ

ఇల్లు అనంతపురం ఊరి అంచున, పాత చేలల్లో లేచిన కాలనీల్లో ఒకదానిలో ఉంది. కింద యజమాని కుటుంబం ఆరుగురు, పైన అద్దెకు నలుగురు. మేడ మీద 2,000 లీటర్ల ట్యాంకు. పెరట్లో ఆరున్నర అంగుళాల బోరు, లోతు 420 అడుగులు. అందులో 340 అడుగుల దగ్గర 2 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు (నీళ్లలో మునిగి పనిచేసేది) వేలాడుతోంది. వానాకాలం, చలికాలం ఏ ఇబ్బందీ లేదు. ఎండలు ముదిరాయంటే మాత్రం మోటారు గంటసేపు ఆడినా ట్యాంకులో జానెడు ఖాళీ మిగిలిపోతుంది. వరుసగా రెండు వేసవుల్లో మోటారు కాలింది, రెండుసార్లూ రీవైండింగ్ చేయించారు. మూడో వేసవి, మే నెలలో, స్టార్టర్ మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే, బోరు మోటార్ల పని చేసే నాకు ఫోను చేశారు.

యజమాని బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయన అడిగింది సూటిగా ఉంది. "రెండు హెచ్‌పీకి ట్యాంకు నిండటం లేదు. మూడు వేద్దాం. మోటారు, కేబులు, కూలి అన్నీ కలిపి ఎంతవుతుందో చెప్పండి."

వేసవిలో నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. నీళ్లు తగ్గితే మోటారు బలం చాలడం లేదనుకోవడం సహజం. కానీ బండలో వేసిన బోరుకు పంపు ఎంచుకునేటప్పుడు హెచ్‌పీ అన్నది చిట్టచివర తేలాల్సిన అంకె. ఇంటికి రోజుకు ఎన్ని నీళ్లు కావాలి, బోరులోకి నిమిషానికి ఎంత ఊరుతోంది, మోటారు ఆడుతున్నప్పుడు నీటి మట్టం ఎక్కడ నిలుస్తోంది, అక్కడి నుంచి ట్యాంకు నోటి దాకా ఎత్తెంత అన్నవి తేలితే హెచ్‌పీ దానంతట అదే బయటపడుతుంది. అవి తెలియకుండా హెచ్‌పీతో మొదలుపెట్టడం వల్లే మన జిల్లాలో ఇన్ని మోటార్లు కాలుతున్నాయని నా గట్టి నమ్మకం. అందుకే ధర చెప్పే ముందు బోరును ఒక పూట పరీక్షించనివ్వమని అడిగాను. ఆయన ఒప్పుకున్నారు.

ఇంటి అవసరం లెక్కకు ఎక్కువ సమయం పట్టలేదు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది ప్రభుత్వ ప్రమాణం. పది మందికి 1,350. మొక్కలకు, వాకిలి కడగడానికి ఇంకో 150 కలిపితే 1,500 లీటర్లు. తాగడానికి, వంటకు మున్సిపాలిటీ నీళ్లు వేరే సంపులోకి వస్తాయి. వాటిని మేడ మీద వేరే ట్యాంకుకు ఎక్కించడానికి చిన్న అర హెచ్‌పీ మోనోబ్లాక్ (నేల మీద పెట్టే పంపు) ఉంది, దాని జోలికి పోలేదు. బోరు నీళ్లను కూడా అదే సంపులోకి మళ్లిస్తే పది మీటర్ల ఎత్తు కలిసివస్తుందన్న ఆలోచన వచ్చింది గానీ, మన దగ్గర బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంటుంది. తాగే నీళ్లలో దాన్ని కలపకూడదు కాబట్టి ఆ దారి వదిలేశాం.

బోరు వేసినప్పుడు రిగ్గువాళ్లు "రెండు అంగుళాల నీళ్లు పడ్డాయి" అన్నారట. ఆ మాట మీదే 2 హెచ్‌పీ కొన్నారు. ఈ అంగుళాల సంగతి ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సీమలో బోరు వేయించే ప్రతివాళ్లూ ఈ మాట వింటారు, దాని లెక్క తెలిసినవాళ్లు తక్కువ. ఇంగ్లిష్ 'వి' ఆకారంలో, 90 డిగ్రీల కోణంతో కోసిన రేకు గుండా నీళ్లు పోనిచ్చి, ఆ గాడిలో నీటి ఎత్తును కొలిస్తే వచ్చే అంకె అది. గాడి పైకి పోయే కొద్దీ వెడల్పవుతుంది కాబట్టి ఎత్తు రెట్టింపైతే నీళ్లు రెట్టింపు కావు, అయిదున్నర రెట్లు దాటుతాయి. ఒక అంగుళం అంటే నిమిషానికి ఎనిమిదిన్నర లీటర్లు. ఒకటిన్నర అంటే 23 లీటర్ల పైన. రెండు అంటే 48 లీటర్లు. ఒక అంగుళం బోరున్నవాళ్లు రెండు అంగుళాల పొరుగువాళ్లను చూసి వాళ్లకు రెండింతలు ఉందనుకుంటారు. పంపు కొనేవాళ్లు కూడా ఆ లెక్కనే కొంటారు, అక్కడే దెబ్బ తింటారు.

ఇంకో సంగతి కూడా ఉంది. రిగ్గు కంప్రెసర్‌తో అడుగుదాకా గాలి కొట్టి బోరును ఊడ్చేటప్పుడు వచ్చే నీళ్లు ఆ బోరు ఇవ్వగలిగిన గరిష్ఠం. అందులో కొంత అప్పటికే చుట్టుపక్కల చీలికల్లో నిలిచి ఉన్న నీరు. అది ఏడాది పొడుగునా ఉండే ఊట కాదు. ఈ బోరు వేసింది మంచి వానలు పడ్డ ఏడాదిలో, అదీ సెప్టెంబరు, అక్టోబరు వానలయ్యాక. మన జిల్లాలో ఏడాది సగటు వర్షపాతమే 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అందులో పెద్ద వాటా ఆ రెండు నెలల్లోనే పడుతుంది. ఆ తర్వాత తీసుకున్న కొలత బోరు జాతకంలో ఉచ్చదశ. మనకు కావాల్సింది రోళ్లు పగిలే రోహిణి కార్తె కొలత. వీళ్లు పిలిచింది సరిగ్గా ఆ రోజుల్లోనే కావడం మంచిదైంది.

బోరు పరీక్షకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. అడుగుల గుర్తులు వేసిన రెండు తీగల సన్నని వైరు, చివర బరువు, పైన బ్యాటరీ, బజరు. తీగల కొసలు నీళ్లను తాకగానే బజరు మోగుతుంది. దానికి తోడు ఒక 20 లీటర్ల బకెట్టు, ఫోనులో స్టాప్‌వాచ్. ముందురోజు రాత్రి నుంచి మోటారు వేయవద్దని చెప్పాను. తెల్లవారి కొలిస్తే నీటి మట్టం 120 అడుగుల దగ్గర ఉంది. అంటే 420 అడుగుల బోరులో 300 అడుగుల నీళ్లు నిలిచి ఉన్నాయి. "చూశారా, ఇన్ని నీళ్లున్నాయి, లాగే బలమే లేదు" అన్నారు పెద్దాయన. ఆయన అన్నదాంట్లో మొదటి సగం నిజం.

మోటారు వేశాం. మేడ మీద ట్యాంకు ఖాళీ చేసి పెట్టాం. మా కుర్రాడు పైప్ నోటి దగ్గర బకెట్టు పెట్టి కూర్చున్నాడు, నేను బోరు దగ్గర. మొదట్లో బకెట్టు 18 సెకన్లలో నిండింది, అంటే నిమిషానికి 65 లీటర్ల పైనే. నీటి మట్టం కంటికి కనిపించేంత వేగంగా దిగుతోంది. 13 నిమిషాలకు 230 అడుగులకు చేరింది. అప్పుడు ఒక మార్పు వచ్చింది. బోరు నోటి దగ్గర చెవి పెడితే లోపల కుళాయి తెరిచి వదిలేసినట్టు జలజలమని శబ్దం వినిపించసాగింది. పెద్దాయన్ని పిలిచి వినమన్నాను. చాలాసేపు మోకాళ్ల మీద కూర్చుని విన్నారు.

ఆ శబ్దమే ఈ బోరు గుట్టంతా చెప్పింది. అనంతపురం చుట్టుపక్కల ఉన్నది ఎక్కువగా గ్రానైటు, నైస్ బండ. బండలో నీళ్లుండవు, బండలోని చీలికల్లో ఉంటాయి. ఈ బోరుకు నీళ్లిచ్చే ముఖ్యమైన చీలిక 230 అడుగుల దగ్గరుంది. నీటి మట్టం దానికంటే పైన ఉన్నంతసేపు, మట్టం దిగే కొద్దీ ఊట పెరుగుతుంది. మట్టం చీలిక కిందికి పోయాక మాత్రం నీళ్లు బోరు గోడ వెంట జారిపడటమే, అంతకు మించి ఒక్క చుక్క ఎక్కువ రాదు. అక్కడి నుంచి ఇంకో వంద అడుగులు కిందికి లాగినా ఊట పెరగదు. పెరిగేది మోటారు మోయాల్సిన ఎత్తు, దాంతోపాటు కరెంటు.

జారే నీళ్లు వైరు కొసను తడిపి బజరును తప్పుగా మోగిస్తాయి కాబట్టి, కొస చుట్టూ కింద తెరిచి ఉన్న చిన్న ప్లాస్టిక్ గొట్టం తొడిగి మళ్లీ దించాను. ఇలాంటి పరీక్ష సొంతంగా చేసుకునేవాళ్లు ఈ జాగ్రత్త మరవొద్దు, లేకపోతే మట్టం 230 దగ్గరే ఆగిపోయిందని పొరబడతారు. మోటారు ఆడుతూనే ఉంది. బకెట్టు నిండే సమయం 25 సెకన్లకు, తర్వాత 34 సెకన్లకు పెరిగింది. 35 నిమిషాలకు పైపు బుసబుసమని గాలి కొట్టడం మొదలుపెట్టింది. నీటి మట్టం మోటారును తాకింది. వెంటనే ఆపేశాం. ట్యాంకులో చేరినవి దాదాపు 1,650 లీటర్లు. జానెడు ఖాళీ అలాగే ఉంది.

మోటారు ఆపాక అసలు కొలత మొదలైంది. పది నిమిషాలకోసారి మట్టం చూశాం. మొదటి పది నిమిషాల్లో 20 అడుగులు ఎక్కింది. తర్వాతి పదిలో 20, ఆ తర్వాతా 20. ఆరున్నర అంగుళాల బోరులో అడుగు లోతుకు ఆరున్నర లీటర్ల నీళ్లు పడతాయి. లోపలి పైపు, కేబులు ఆక్రమించే చోటు పోను ఆరు లీటర్లు అనుకోవచ్చు. పది నిమిషాలకు 20 అడుగులంటే 120 లీటర్లు. నిమిషానికి 12. నడి వేసవిలో ఈ బోరు ఊట ఇంతే. రిగ్గువాళ్ల భాషలో చెప్పాలంటే ఒక అంగుళం మీద కాస్త. రెండు అంగుళాల నుంచి ఒకటికి వచ్చిందంటే సగమైందని చెవికి తోస్తుంది. 48 లీటర్ల నుంచి 12కు పడింది, నిజానికి మిగిలింది నాలుగో వంతు.

ట్యాంకులో చేరిన 1,650 లీటర్లు ఎక్కడివో ఇప్పుడు తేలికగా చెప్పవచ్చు. 120 నుంచి 340 అడుగుల దాకా బోరు గుంతలో నిలిచి ఉన్నవే 1,320. ఆ 35 నిమిషాల్లో కొత్తగా ఊరినవి 330. పెద్దాయనకు అర్థమయ్యే మాటలో చెప్పాను: "సార్, గుంతలో నిలిచినవి డిపాజిట్టు, ఊట పెన్షను. మీ మోటారు ప్రతి పూటా డిపాజిట్టు మొత్తం విత్‌డ్రా చేస్తోంది." ఆయన కాగితం తీసుకుని తానే లెక్క వేశారు. 3 హెచ్‌పీ మోటారు నిమిషానికి సగటున 70 లీటర్లు లాగుతుందనుకుంటే బోరు ఖాళీ కావడానికి 21, 22 నిమిషాలు చాలు. ట్యాంకులో చేరేవి 1,500 లీటర్లు. 2 హెచ్‌పీ ఇచ్చినదాని కంటే తక్కువ, ఎందుకంటే ఊరడానికి బోరుకు దొరికే సమయం తగ్గింది. అంకెలు ఆయన చేతిరాతలోనే ఉన్నాయి కాబట్టి నేను ఇంకేమీ చెప్పాల్సి రాలేదు.

అదే కాగితం మీద ఇంకో లెక్క కూడా ఉంది. నిమిషానికి 12 లీటర్లంటే గంటకు 720, రోజంతా ఊరితే 17,000 లీటర్ల పైచిలుకు. ఇంటి అవసరం 1,500. ఈ ఇంటికి నీటి కొరత ఏ వేసవిలోనూ లేదు. కొత్త బోరు వేయించుకుందామా అని ఇంట్లో మాట్లాడుకుంటున్నారట, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతికి ఎక్కడ దరఖాస్తు పెట్టాలో కూడా కనుక్కున్నారు. ఆ ఖర్చు అక్కడితో ఆగింది.

మోటార్లు ఎందుకు కాలాయన్న ప్రశ్నకు జవాబు పరీక్షలోనే దొరికింది. ట్యాంకు నిండలేదు కాబట్టి ఇంట్లోవాళ్లు మోటారు ఆపరు. నిండితే పైనుంచి నీళ్లు పొర్లిన చప్పుడవుతుంది, అప్పుడు ఆపాలన్నది వాళ్ల అలవాటు. 35 నిమిషాలకే గాలి కొట్టిన మోటారు ఇంకో అరగంట అలాగే తిరుగుతుంది. సబ్‌మెర్సిబుల్ పంపు బుష్‌లకు (తిరిగే ఇరుసును పట్టి ఉంచే కట్లకు) నీళ్లే కందెన, మోటారుకు నీళ్లే చలువ. రెండూ లేకపోతే బుష్‌లు అరుగుతాయి, వైండింగ్ నల్లబడుతుంది. రీవైండింగ్ షాపు నుంచి వెనక్కి తెచ్చిపెట్టుకున్న పాత బుష్‌లు చూస్తే అదే కనిపించింది.

దీనికి ఇంకో రెండు కారణాలు తోడయ్యాయి. ఒకటి వోల్టేజీ. సాయంత్రం ఆ వీధిలో 205 వోల్టులే ఉంది. మోటారు దాకా దాదాపు 120 మీటర్ల కేబులు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు 14 ఆంపియర్లు లాగుతుంటే ఆ కేబుల్లోనే పాతిక వోల్టులు పోతాయి. కింద మోటారుకు అందేది 180. వోల్టేజీ తగ్గితే మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. 3 హెచ్‌పీ వేసి ఉంటే ఈ కేబులు మార్చక తప్పేది కాదు.

రెండో కారణం చాలామంది గమనించనిది. సబ్‌మెర్సిబుల్‌లో మోటారు కింద, పంపు పైన ఉంటుంది, నీళ్లు పీల్చుకునే జాలీ రెండింటి మధ్య. నీళ్లు మోటారు కింది నుంచి పైకి వస్తే దాన్ని ఒరుసుకుంటూ, చల్లబరుస్తూ వస్తాయి. ఈ బోరులో నీళ్లిచ్చే చీలిక 230 దగ్గర, మోటారు 340 దగ్గర. నీళ్లు పైనుంచి జారి నేరుగా జాలీలోకి పోతున్నాయి. మోటారు చుట్టూ ఉన్న నీళ్లు కదలకుండా నిలిచి, వేడెక్కుతూ ఉన్నాయి.

ఇప్పుడు పంపు ఎంపిక. నడి వేసవి ఊట 12 లీటర్లు. రోజుకు కావాల్సింది 1,500. గుంతలో చీలిక దాకా, అంటే 120 నుంచి 230 అడుగుల మధ్య, నిలిచి ఉండేవి 660 లీటర్లు. మట్టం చీలిక దగ్గరున్నప్పుడు నిమిషానికి 18 లీటర్లు పోస్తూ, ఇంకా కిందికి పోయే కొద్దీ 12కు తగ్గే పంపు దొరికితే చాలు. ఏ పంపైనా ఎత్తు పెరిగే కొద్దీ తక్కువ పోస్తుంది. దీన్ని మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. మట్టం దిగుతూ దిగుతూ ఒక చోట పంపు పోసేదీ బోరు ఊరేదీ సమానమవుతాయి. ఆ చోటు మోటారు వేలాడే లోతుకు పైనే ఉండేలా చూసుకుంటే మోటారు గాలి పీల్చే అవకాశమే ఉండదు. బోరును, పంపును ఇలా జతకూర్చడమే నా దృష్టిలో ఈ పనికి ప్రాణం. దీని కోసం ఒక పూట పరీక్షలో పోయినా నాకు బాధ లేదు.

ఎత్తు లెక్క: 230 అడుగులంటే 70 మీటర్లు. నేల నుంచి ట్యాంకు నోటి దాకా 10. పైపు రాపిడి, వంపులు, వాల్వులకు 3. మొత్తం 83 మీటర్లు. నిమిషానికి లీటర్లను మీటర్లతో హెచ్చవేసి 4,500తో భాగిస్తే నీళ్లు ఎత్తడానికి కావాల్సిన హెచ్‌పీ వస్తుంది. 18ని 83తో హెచ్చవేస్తే 1,494, భాగిస్తే 0.33. తక్కువ నీళ్లు పోసే చిన్న పంపుల సామర్థ్యం 40 శాతం అనుకుంటే మోటారు మీద పడే భారం 0.83 హెచ్‌పీ. కాబట్టి 1 హెచ్‌పీ. ముప్పావు హెచ్‌పీ దాదాపు సరిపోతుంది గానీ, 205 వోల్టుల వీధిలో మోటారును దాని అంచు మీద నడపడం నాకు ఇష్టం లేదు.

అయితే 1 హెచ్‌పీ అని చెబితే సరిపోదు. షాపులో 1 హెచ్‌పీ పంపులు అయిదారు రకాలు ఉంటాయి. తేడా స్టేజీల్లో, అంటే పంపులో ఒకదాని మీద ఒకటి పేర్చిన, నీళ్లు తోసే చక్రాల సంఖ్యలో ఉంటుంది. నాలుగు అంగుళాల పంపుల్లో ఒక్కో స్టేజీ సుమారు 5, 6 మీటర్ల ఎత్తు ఇస్తుంది. 10 స్టేజీల పంపు నిమిషానికి 50, 60 లీటర్లు పోస్తుంది, కానీ 60 మీటర్లకు దాని ఊపిరి ఆగిపోతుంది. ఈ బోరులో మట్టం 150 అడుగులు దాటితే దాని నుంచి చుక్క రాదు. 20 స్టేజీలది నీళ్లు తక్కువ పోస్తుంది, 110 మీటర్ల పైదాకా ఎక్కిస్తుంది. రెండింటి మీదా 1 హెచ్‌పీ అనే ఉంటుంది. నేమ్‌ప్లేటు మీద హెడ్ (ఎక్కించే ఎత్తు) ఎంత నుంచి ఎంత వరకు, డిశ్చార్జి (పోసే నీళ్లు) ఎంత నుంచి ఎంత వరకు అని రాసి ఉంటుంది. గరిష్ఠ హెడ్ దగ్గర వచ్చేది కనిష్ఠ డిశ్చార్జి. షాపువాళ్లు ఒక్కోసారి రెండు పెద్ద అంకెలనూ కలిపి చెబుతారు. ఏ ఎత్తుకు ఎన్ని లీటర్లో చూపే పట్టిక అడిగి, మీ ఎత్తు ఉన్న వరుసలో వేలు పెట్టి చూడండి. సబ్‌మెర్సిబుల్ పంపులకు ఐఎస్ 8034 అన్న ప్రమాణం ఉంది, ఆ గుర్తు లేని పంపు పట్టికను నేను నమ్మను. ఈ ఇంటికి 20 స్టేజీల 1 హెచ్‌పీ తీసుకున్నాం.

దించిన లోతు 290 అడుగులు. పాత 340 నుంచి యాభై అడుగులు పైకి. "ఎండాకాలంలో పైకి తెస్తున్నారేమిటి?" అని ఇంటావిడ ఆందోళన పడ్డారు. "అమ్మా, చీలిక కింద అరవై అడుగులుంది, అది చాలు. ఇంకా కింద ఉన్నది నిల్వే గానీ ఊట కాదు" అని చెప్పాను. మోటారుకు 125 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కను చొక్కాలా తొడిగాం, పైన జాలీకి ఎగువన మూసి, కింద తెరిచి. పైనుంచి జారిన నీళ్లు ఇక ఆ గొట్టం కిందికి పోయి, మోటారును ఒరుసుకుంటూ పైకొచ్చి జాలీలోకి చేరాలి. పాత కేబులును ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో పరీక్షిస్తే ఇన్సులేషన్ బాగానే ఉంది. 1 హెచ్‌పీ ఏడున్నర ఆంపియర్లే లాగుతుంది, కేబుల్లో పోయేది 12 వోల్టులకు లోపే. కాబట్టి అదే వాడాం. పైపూ పాతదే. ప్యానెల్ మాత్రం కొత్తది, నీళ్లు లేకపోతే మోటారును ఆపేసే డ్రై రన్ రక్షణతో, టైమర్‌తో. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ పెట్టాం. బోరులోకి సన్నని అరంగుళం పైపు ఒకటి శాశ్వతంగా దించి వదిలేశాం, మట్టం ఎప్పుడు కావాలంటే అప్పుడు కొలుచుకోవడానికి.

మరుసటి ఉదయం నడిపి చూశాం. మొదట్లో నిమిషానికి 30 లీటర్ల దాకా వచ్చాయి. అరగంటకు మట్టం 230 చేరింది, జలజల శబ్దం మొదలైంది, పోసేది 18 అయింది. గంటా పది నిమిషాలకు 1,500 లీటర్లు ట్యాంకులో ఉన్నాయి. ట్యాంకు పూర్తిగా నిండేదాకా ఆపవద్దన్నారు పెద్దాయన. మట్టం మెల్లగా దిగుతూ 270 దాటకుండా నిలిచింది. రెండు గంటలు పట్టింది గానీ గాలి కొట్టలేదు, ట్యాంకు నిండి ఫ్లోట్ స్విచ్ దానంతట అదే ఆపింది. ఇంటావిడ మేడ ఎక్కి, మూత తీసి, చెయ్యి పెట్టి చూసుకుని దిగారు.

కరెంటు బిల్లు తగ్గుతుందని నేను మాట ఇవ్వలేదు, తగ్గలేదు కూడా. పాత మోటారు రెండు కిలోవాట్లతో అరగంటలో చేసే పనిని కొత్తది 1.1 కిలోవాట్లతో గంటకు పైగా చేస్తోంది. యూనిట్లు ఇంచుమించు అంతే, ఒకింత ఎక్కువే. ఆదా అంతా రీవైండింగ్ ఖర్చులో, మోటారు తీసి దించే కూలిలో, వేయకుండా మానుకున్న బోరులో. ఇంకో మార్పు ఇంట్లో అలవాటుకు సంబంధించినది. ఇరవై నిమిషాల్లో ట్యాంకు నిండాలన్న ఆశ వదులుకోవాలి. ఉదయం అయిదింటికి టైమరు మోటారు వేస్తుంది, ఏడింటికల్లా అయిపోతుంది. అద్దెవాళ్లు మొదట్లో ధార సన్నగా ఉందని అన్నారు. అది ట్యాంకులోకి పోయే ధార, కుళాయిలోకి వచ్చేది ట్యాంకు నుంచి కాబట్టి అక్కడ తేడా ఏమీ లేదు.

తర్వాతి ఏడాది మేలో ఆ దారిన వెళుతూ మట్టం కొలిచాను. రాత్రంతా ఆగిన మట్టం 128 అడుగులు, ఊట నిమిషానికి 11 లీటర్లు. మోటారు ట్రిప్ అయిన దాఖలా లేదు. పక్కింటి 2 హెచ్‌పీ ఆడుతున్న పూట మాత్రం ఈ బోరులో మట్టం పదిహేను అడుగులు దిగుతోంది. రెండు బోర్లకూ అదే చీలిక అందుతున్నట్టుంది. రెండు ఇళ్లవాళ్లూ మాట్లాడుకుని, ఒకరు ఉదయం, ఒకరు మధ్యాహ్నం వేసుకునేలా కుదుర్చుకున్నారు.

ఈ అంకెలన్నీ ఈ బోరువి. వీటిని ఇంకో ఇంటికి యథాతథంగా తీసుకుపోవద్దు. తాడిపత్రి వైపో, కడప జిల్లా ఎర్రగుంట్ల వైపో పోతే నాపరాయి, సున్నపురాయి నేలలు. అక్కడి చీలికల్లో నీళ్లు ఇంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు, పక్క స్థలంలో చుక్క లేకపోనూవచ్చు. ఊట నిమిషానికి 60 లీటర్లున్న బోరుకు 20 స్టేజీల సన్నని పంపు వేస్తే అనవసరంగా గంటల తరబడి ఆడుతుంది. అక్కడ తక్కువ స్టేజీల పంపే సరైనది. మార్చకూడనిది పద్ధతి ఒక్కటే: మే నెలలో, రాత్రంతా ఆపిన బోరు మీద, గాలి కొట్టేదాకా నడిపి, ఆపాక మట్టం ఎక్కే వేగం కొలవడం.

పెద్దాయన ఇప్పుడు నెలకోసారి మట్టం కొలిచి పాత బ్యాంకు డైరీలో రాసుకుంటున్నారు. నేను ఆయనకు రాసిచ్చినది ఇది: రాత్రి ఆగిన మట్టం 170 అడుగులు దాటితే, లేదా ప్యానెల్ వారంలో రెండోసారి డ్రై రన్ చూపిస్తే, టైమర్‌ను రెండు విడతలుగా మార్చండి, ఉదయం గంట, సాయంత్రం గంట. అప్పటికీ డ్రై రన్ ఆగకపోతే అదే పంపును ఇంకో ఇరవై అడుగులు కిందికి దించుదాం. పంపు మార్చే ముందు మాత్రం మళ్లీ ఊట కొలవాలి.